కోఠీ మేడ మెట్లెక్కిన ఆడపిల్లలు

పాత ఇంటి మాట వచ్చినప్పుడల్లా మన కుటుంబాల్లో రెండు వర్గాలు తయారవుతాయి. "పడగొట్టించి అపార్టుమెంటుకి ఇచ్చేద్దాం" అనేది ఒక వర్గం. "తాతల నాటిది, దాని మీద చెయ్యి వెయ్యొద్దు" అనేది రెండోది. మొదటి వర్గం గెలిస్తే ఆరు నెలల్లో ఇల్లు మాయం. రెండో వర్గం గెలిస్తే ఇంటికి తాళం పడుతుంది, పెంకులు జారతాయి, వాసాలు పుచ్చుతాయి, పదేళ్ళకి అదే కూలిపోతుంది. కాస్త ముందూ వెనకా, అంతే తేడా. "మన అవసరానికి తగ్గట్టు సర్దుకుని అందులోనే ఉందాం" అనే మూడో మాట మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఆ మాట అనేది కూడా ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళే. ఏ గదిలో ఎండ పడుతుందో, ఏ గోడకి చెమ్మ వస్తుందో వాళ్ళకే కదా తెలిసేది!

ఆ మూడో మాట వల్ల నిలబడిన ఒక పెద్ద ఇంటి కథ ఇవాళ చెప్పుకుందాం. హైదరాబాదులో ఉన్నవాళ్ళు దాని ముందు నుంచి వందసార్లు వెళ్ళి ఉంటారు. పుస్తకాల కోసమో, సుల్తాన్ బజారులో చీరల కోసమో కోఠీ వెళ్ళినప్పుడు ఒక పొడవాటి ప్రహరీగోడ కనిపిస్తుంది. ఆ గోడ లోపలిదే కోఠీ విమెన్స్ కాలేజీ. మీలో కొందరు అక్కడ చదువుకుని కూడా ఉంటారు. కోఠీ అంటేనే పెద్ద మేడ అని అర్థం. ఆ పేటకి ఆ పేరు తెచ్చిన మేడ ఆ కాలేజీ ఆవరణలోనే ఉంది.

నిజాం డబ్బుతో కంపెనీ మేడ

1798 నుంచి 1805 దాకా జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ అనే ఆయన హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్నాడు. రెసిడెంటు అంటే పేరుకి రాయబారి. నిజాం దర్బారులో కంపెనీ తరఫున కూర్చుని మాట్లాడే మనిషి. పేరుకే అని ఎందుకంటున్నానంటే, నిజాం తన సైన్యం సంగతి కంపెనీ చేతిలో పెట్టే ఒప్పందం 1798లోనే జరిగింది. ఆ తరవాత రెసిడెంటు మాట వినకుండా ఉండడం నిజాముకి ఏటేటా కష్టమవుతూ వచ్చింది.

కిర్క్‌పాట్రిక్ మూసీ నదికి ఉత్తరపు ఒడ్డున, నగర ప్రాకారానికి అవతల, కొత్త రెసిడెన్సీ కట్టించడం మొదలుపెట్టాడు. నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళంలోని లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. ఖర్చు భరించింది నిజాం ఖజానా. స్థలం అడిగినప్పటి ముచ్చట ఒకటి హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదట పెద్ద కాగితం మీద నక్షా గీయించి తీసుకెళితే నిజాం ఠక్కున కాదన్నాడట. అప్పుడొక దర్బారు పెద్ద, "కాగితం అంత పెద్దగా ఉంటే రాజ్యమంతా అడుగుతున్నట్టు కనిపించదా? చిన్న చీటీ మీద గీయించుకురా" అని సలహా ఇచ్చాడట. అలా చీటీ మీద గీసిన నక్షాకి వెంటనే సరేనన్నాడట. నిజమో కాదో గానీ, ఇంట్లో పెద్దవాళ్ళ చేత ఖర్చుకి ఒప్పించడం తెలిసినవాళ్ళకి ఈ కథ భలే నచ్చుతుంది.

మేడ అయితే అచ్చం ఇంగ్లండులోని జమీందారు భవనంలా లేచింది. ముందు వైపు ఆకులు చెక్కిన తలలతో ఆరు ఎత్తయిన స్తంభాలు, వాటి మీద త్రికోణపు నుదురు, అందులో కంపెనీ వారి చిహ్నం. కింద ఇరవైకి పైగా వెడల్పాటి మెట్లు, అటూ ఇటూ రెండు సింహాలు. లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు, పైన చుట్టూ వసారాలు, చెక్క నేల, రంగులద్దిన పైకప్పు, రెండు పాయలుగా విడిపోయి ఎక్కే మెట్ల వరస. అమెరికా అధ్యక్షుడి వైట్‌హౌస్ కూడా దాదాపు ఆ రోజుల్లోదే. రెండూ ఒకే రకం పద్ధతిలో కట్టినవి కాబట్టి చూసినవాళ్ళకి పోలికలు కనబడతాయి.

ముందు వైపు అంత ఆర్భాటంగా ఎందుకు కట్టారో ఊహించడం కష్టం కాదు. ఏనుగుల మీద, పల్లకీల్లో వచ్చే నవాబులకి కంపెనీ ఎంతటిదో ఆ మెట్ల దగ్గరే తెలిసిరావాలి. ఆ ముంగిలి రాజకీయం కోసం, అంటే మగవాళ్ళ కోసం కట్టినది.

వెనకవైపు ఒక అమ్మాయి

ఇదే ఆవరణలో వెనకవైపు ఇంకో లోకం ఉండేది. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నిసా ఉండే జనానా అది. రంగ్‌మహల్ అనేవారు.

ఖైరున్నిసా హైదరాబాదు ఉన్నత వంశపు పిల్ల. తల్లి పేరు షరఫున్నిసా. కిర్క్‌పాట్రిక్‌తో ఆమె పెళ్ళి అటు దర్బారులోనూ, ఇటు కలకత్తాలోని కంపెనీ పెద్దల్లోనూ పెద్ద దుమారం లేపింది. కిర్క్‌పాట్రిక్ మీద విచారణ కూడా జరిగింది. అయినా ఆ పెళ్ళి నిలిచింది. ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు. ఇంట్లో వాళ్ళని సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అని పిలుచుకునేవారు.

పరదా పాటించే ఇల్లాలు కాబట్టి ఖైరున్నిసా మేడ ముందు వైపుకి వచ్చి నిలబడి చూసే వీలు లేదు. అందుకని, ఆమె చూసుకోవడానికి జనానా తోటలో మేడకి నకలుగా చిన్న బొమ్మ మేడ కట్టించాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. స్తంభాలతో, మెట్లతో సహా అచ్చం అలాగే ఉండే బొమ్మ మేడ. అది కాలేజీ ఆవరణలో నిలిచింది. చెట్టుకొమ్మ విరిగి మీద పడి దెబ్బ కూడా తిన్నది.

ఈ బొమ్మ మేడని ప్రేమకి గుర్తుగా చెప్పుకోవడం మామూలే. నాకు మాత్రం అది చూస్తే మనసు ఒక రకంగా అయిపోతుంది. సొంత ఇంటి ముంగిలి ఎలా ఉంటుందో బొమ్మలో చూసి తెలుసుకోవాల్సి రావడం ఎంత విచిత్రం!

ఆ సంసారం ఎన్నాళ్ళో సాగలేదు. 1805లో ఇద్దరు పిల్లల్నీ చదువు కోసం ఇంగ్లండు పంపేశారు. కొడుక్కి నాలుగేళ్ళు, కూతురికి మూడేళ్ళు. ఓడ ఎక్కే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు వాళ్ళ బొమ్మ వేశాడు. హైదరాబాదు జరీ దుస్తుల్లో ఇద్దరు పసివాళ్ళు బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంటారు అందులో. అదే ఏడు అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. తాను తలపెట్టిన మేడ పూర్తిగా తయారవడం ఆయన చూడనే లేదు. ఖైరున్నిసా 1813లో, ఇరవై ఏడేళ్ళ వయసులో పోయింది. పిల్లల్ని మళ్ళీ చూడలేదు.

కూతురు ఇంగ్లండులో కిట్టీ కిర్క్‌పాట్రిక్‌గా పెరిగింది. దాదాపు నలభై ఏళ్ళ వయసులో, హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా బతికే ఉందని తెలిసి ఆమెకి ఉత్తరాలు రాసింది. మనవరాలు ఇంగ్లీషులో, అమ్మమ్మ ఫారసీలో. మధ్యలో ఎవరో ఒకరు తర్జుమా చెయ్యాలి. కొన్నేళ్ళు అలా ఉత్తరాలు నడిచాయి గానీ, ఇద్దరూ ఒకర్నొకరు కలుసుకోకుండానే అమ్మమ్మ కన్ను మూసింది.

భయంతో లేచిన గోడలు

1857 జులై 17న రోహిల్లాల దండు ఒకటి రెసిడెన్సీ మీదికి వచ్చింది. ముందు నడిచినవాళ్ళు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్. తెల్లవార్లూ కాల్పులు జరిగాయి. దాడి నిలబడలేదు. తుర్రేబాజ్ ఖాన్ తరవాత పట్టుబడి, తప్పించుకుని, చివరికి చంపబడ్డాడు. మౌల్వీని అండమాన్ పంపారు, అక్కడే పోయాడు. ఆ పోరుకి గుర్తుగా కోఠీలో ఒక స్మారకం, తుర్రేబాజ్ ఖాన్ పేర ఒక రోడ్డు ఉన్నాయి. ఈసారి అటు వెళితే చూడండి.

ఆ దెబ్బకి రెసిడెన్సీ చుట్టూ కాపుదల గట్టి చేశారు. గోడలు, బురుజులు లేచాయి. కొద్ది కాలానికే, 1860 ప్రాంతంలో, అప్పటి రెసిడెంటు ఒకాయన రంగ్‌మహల్‌ని పడగొట్టించేశాడు. తెల్లదొర దేశవాళీ ఇల్లాలితో కాపురం చేసిన గుర్తు అప్పటికి వాళ్ళకి సిగ్గుగా అనిపించింది. ముంగిలి మేడని భద్రంగా ఉంచుకున్నారు, ఆడవాళ్ళ ఇల్లు మాత్రం నేలమట్టం చేశారు. చరిత్రలో ఏది "కాపాడదగినది" అవుతుందో ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్నకి ఇంతకన్నా ఉదాహరణ ఎందుకు? వంటిళ్ళూ, పురిటిగదులూ, బావి గట్లూ ఏ కోటలోనూ మనకి సరిగా మిగలకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే అనుకుంటాను. దర్బారు హాళ్ళు మాత్రం మిగులుతాయి.

1949

1947లో ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. రెసిడెంటు లేడు, రెసిడెన్సీ ఉంది. ఇప్పుడు ఆ మేడని ఏం చెయ్యాలి?

ఏదైనా జరిగి ఉండొచ్చు. ఒక పెద్ద ఆఫీసు పెట్టి, బీరువాలూ ఫైళ్ళూ నింపి ఉండొచ్చు. తాళం వేసి మరిచిపోయి ఉండొచ్చు. ముక్కలు చేసి అమ్మి ఉండొచ్చు. అయితే అప్పటికే ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆడపిల్లల కాలేజీ ఒకటి ఉంది. 1924లో మొదలైంది. దానికి చోటు కావాలి. 1949లో ఆ కాలేజీని రెసిడెన్సీలోకి తెచ్చారు.

ఆ రోజుల్లో కూతుర్ని కాలేజీకి పంపడానికి తండ్రులు ఎంత ఆలోచించేవారో మన అమ్మమ్మలు చెప్పగా విన్నవాళ్ళమే. ఊరి నడిబొడ్డున, చుట్టూ ఎత్తయిన గోడ, లోపల పెద్ద పెద్ద చెట్లు, గేటు దగ్గర కాపలా. అలాంటి చోటైతే పంపుదామని ఎన్ని ఇళ్ళల్లో అనుకుని ఉంటారో! తిరుగుబాటుకి భయపడి కట్టిన గోడలు ఇలా ఆడపిల్లల చదువుకి పనికొచ్చాయి. కట్టినవాళ్ళు ఇది కలలో కూడా అనుకుని ఉండరు.

ఇంకో సంగతి. బొమ్మలో తప్ప ముంగిలి చూడని ఇల్లాలు ఉన్న ఆవరణలోకి, నూటనలభై ఏళ్ళ తరవాత, పుస్తకాలు గుండెలకి హత్తుకుని అమ్మాయిలు ముందు వైపు నుంచే వచ్చారు. సింహాల మధ్య నుంచి, నవాబుల్ని బెదిరించడానికి కట్టిన మెట్లెక్కి, దర్బారు హాలు దాటి తరగతికి వెళ్ళారు. మెట్ల మీద కూర్చుని డబ్బాలు విప్పుకున్నారు, పరీక్షలకి చదువుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ మాట్లాడే ఇళ్ళ పిల్లలు ఒకే చెట్టు కింద కలిశారు. నన్నడిగితే ఆ మేడకి అసలైన గృహప్రవేశం ఆ రోజే జరిగింది.

వాడకం కాపాడుతుంది, అరగదీస్తుంది కూడా

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతం. కానీ ఇల్లు నడిపే మనకి తెలియనిదేముంది? మనుషులు తిరిగే ఇల్లు బతుకుతుంది, నిజమే. తిరిగేవాళ్ళతో పాటు చూసుకునేవాళ్ళు కూడా ఉండాలి.

కొన్ని వందల మంది కోసం కట్టిన మేడలో ఏటేటా పెరిగే పిల్లలు. కరెంటు తీగలు, ఫ్యాన్లు, నల్లాలు అవసరం కొద్దీ ఒకదాని తరవాత ఒకటి చేరాయి. పైకప్పు మీద వాన నీళ్ళు నిలిచి లోపలికి దిగాయి. చెక్కకి చెదలు, గోడల్లో రావి మొక్కలు, పైకప్పు అలంకారాలకి చెమ్మ. చదువు చెప్పే సంస్థకి వచ్చే డబ్బు జీతాలకీ, ల్యాబులకీ, పుస్తకాలకే చాలదు. రెండు వందల ఏళ్ళ పైకప్పు బాగుచేయించడం దాని తలకి మించిన పని. చివరికి మేడలో కూర్చోవడం ప్రమాదమని తరగతుల్ని ఆవరణలోని వేరే భవనాల్లోకి మార్చాల్సి వచ్చింది.

2002లో ప్రపంచ కట్టడాల నిధి, అంటే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్ళు ఆపదలో ఉన్న కట్టడాల జాబితాలో దీన్ని చేర్చారు. ఆ తరవాత కూడా పని ఒక్కరోజులో మొదలైపోలేదు. అనుమతులు, నిధులు, ప్రభుత్వాలు మారడం, రాష్ట్రం విడిపోవడం, ఇవన్నీ దాటుకుని దఫాలవారీగా సాగి, 2023 నాటికి ప్రధాన మేడ మళ్ళీ తెల్లగా నిలబడింది. ఈలోగా 2022లో కాలేజీ మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. విసునూరు దొరల మీద తన పొలం కోసం, పంట కోసం తిరగబడిన ఐలమ్మ. కంపెనీ చిహ్నం చెక్కిన మేడ ఉన్న ఆవరణకి ఆ తల్లి పేరు రావడం నాకు భలే తృప్తిగా ఉంది.

సున్నం సంగతి

పాత మేడల్ని బాగుచెయ్యడం మామూలు మేస్త్రీ పని కాదంటారు కదా, అదెందుకో మన ఇళ్ళకి కూడా పనికొచ్చే విషయం కాబట్టి చెబుతాను.

సిమెంటు రాకముందు కట్టిన ఇళ్ళన్నీ దాదాపు సున్నంతోనో మట్టితోనో కట్టినవే. సున్నాన్ని నీళ్ళలో మగ్గబెట్టి, ఇసకతో కలిపి గానుగలో ఎద్దుల చేత తిప్పించేవారు. డంగు సున్నం అనేది దాన్నే. పట్టు రావడానికి బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసేవారు. అద్దంలా మెరిసే పైపూతకి గుడ్డు తెల్లసొన కూడా కలిపేవారు. చూశారా, సగం దినుసులు మన వంటింటివే! పిండి పులిసినట్టే సున్నం కూడా మగ్గాలి, తొందరపడితే చెడుతుంది.

ఈ సున్నపు గోడకి ఒక గుణం ఉంది. అది ఊపిరి పీలుస్తుంది. వానాకాలంలో పీల్చుకున్న చెమ్మని ఎండాకాలంలో బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ముక్కు మూసినట్టే. లోపలి చెమ్మ బయటికి రాలేక ఇటుకనీ, మట్టినీ లోలోపలే కొరికేస్తుంది. పైకి కొత్తగా కనిపించే గోడ రెండు మూడు వానలకి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. మా బంధువుల పెంకుటింట్లో సరిగ్గా ఇదే జరిగింది. మట్టి గోడలకి గట్టిగా ఉంటుందని మేస్త్రీ సిమెంటు పూశాడు. మూడో ఏడు వాన తగ్గాక ఒక పక్క పూత మొత్తం అట్టలా విడిపోయి పడింది, వెనక మట్టి పిండిలా రాలుతోంది. "ఇల్లు పాతదైపోయింది, ఇక పడగొట్టాల్సిందే" అన్నారు అందరూ. పాతదైనందుకు పడలేదు ఆ గోడ, కొత్త పూత దానికి సరిపడక పడింది.

అందుకే తెలిసినవాళ్ళు పాత కట్టడం ముట్టుకుంటే కొన్ని పద్ధతులు పాటిస్తారు. ముందు నీళ్ళ దారి చూస్తారు. పైకప్పు, తూములు, పునాది చుట్టూ నీరు నిలవకుండా వాలు. రంగులూ హంగులూ తరవాత. కట్టిన దినుసుతోనే మరమ్మతు చేస్తారు. కొత్తగా ఏది పెట్టినా, రేపు తీసెయ్యాల్సివస్తే పాతదానికి దెబ్బ తగలకుండా తీసేలా పెడతారు. చెక్క తడికతో గది విడదీయొచ్చు, గోడ కొట్టి విడదీయకూడదు. స్నానాల గదులూ, వంటగదీ లాంటి నీళ్ళ పనులు వీలైతే పక్కన కొత్తగా కట్టే భాగంలోకి మారుస్తారు. ఇవే నాలుగు ముక్కలు నవాబుల మేడకైనా, మన మండువా లోగిలికైనా.

ఎవరి కోసం నిలబెట్టాం?

పాత కట్టడానికి కొత్త పని అప్పజెప్పడంలో కూడా రకాలున్నాయి. హైదరాబాదులోనే చూడండి. నిజాముల చౌమహల్లా ప్యాలెస్‌ని ప్రిన్సెస్ ఎస్రా పట్టుబట్టి బాగుచేయించారు. అది మ్యూజియం అయింది, 2010లో యునెస్కో వారి పురస్కారం వచ్చింది. టిక్కెట్టు కొనుక్కుని పిల్లల్ని తీసుకుని ఎవరైనా వెళ్ళొచ్చు. ఫలక్‌నుమా అదే 2010లో ఐదు నక్షత్రాల హోటలయింది. మేడ అద్భుతంగా ఉంది, ఆ ఖర్చు భరించగలిగినవాళ్ళకి. మొజంజాహీ మార్కెట్టుకి మురికి వదిలించి, అడ్డంగా చేరినవి తీసేసి, 2020లో మళ్ళీ తెరిచారు. అది కట్టినప్పుడూ బజారే, ఇప్పుడూ బజారే. ఐస్‌క్రీము తింటూ రాతి కమానుల కింద కూర్చోవచ్చు. నాంపల్లిలో సరోజినీ నాయుడు పుట్టింటివారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పాదం మోపింది. ఒక ఇల్లు విశ్వవిద్యాలయానికి పురిటిగది అయిందన్నమాట.

కష్టమైన కథలూ ఉన్నాయి. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం విన్సెంట్ ఎష్ గీసిన గొప్ప కట్టడం. 2020 జులైలో వానకి వార్డుల్లోకి నీళ్ళొచ్చాయి. మంచాల కింద నీళ్ళు పారుతుంటే రోగుల తాలూకు వాళ్ళ అవస్థ మనమంతా టీవీల్లో చూశాం. "గుమ్మటాలు ముద్దా, ప్రాణాలు ముద్దా" అని అడిగినవాళ్ళని తప్పుపట్టలేం. నిజంగానే ఈనాటి ఆసుపత్రికి కావలసిన ఆపరేషను గదులూ, యంత్రాలూ, లిఫ్టులూ ఆ భవనంలో ఇరికించడం ఇటు రోగులకీ అటు భవనానికీ అన్యాయమే. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. పాత భవనం మీద భారం దిగుతుంది. ఇంతకాలం ఊరి పేదలకి వైద్యం చేసిన ఆ కట్టడానికి తన ఒంటికి తగ్గ పని ఏదో ఒకటి దొరకాలి. ముసలాయన్ని బరువులు మోయించకూడదు, అలాగని మూలన కూర్చోబెట్టనూ కూడదు. ఇంట్లో పెద్దవాళ్ళ విషయంలో మనం చేసేదే ఇక్కడా చెయ్యాలి.

కోఠీ మేడ విషయంలో నాకున్న బెంగ కూడా ఇదే. మేడ బాగుపడింది, సంతోషం. దర్బారు హాలు చూడ్డానికి సందర్శకులు వస్తే ఇంకా సంతోషం. కానీ బాగుపడ్డాక, "పిల్లలు పాడుచేస్తారు" అని అదే కాలేజీ అమ్మాయిల్ని తాడు కట్టి ఇవతల నిలబెట్టే పరిస్థితి రాకూడదు. రెండువందల మంది గంతులు వేసే కార్యక్రమం ఆ చెక్క నేల మీద వద్దు, సరే. కానీ ఒక కవి సమ్మేళనం, ఒక పట్టాల పండగ, ఒక చిన్న గ్రంథాలయం, పరిశోధక విద్యార్థినులు కూర్చుని రాసుకునే గది, ఇవేవీ మేడకి బరువు కావు. దాన్ని డెబ్భై ఏళ్ళు ఊపిరితో నింపింది ఆ అమ్మాయిలే. మొదటి అర్హత వాళ్ళదే. ఒకసారి జనానాని పడగొట్టి మేడని ఉంచుకున్నారు. మళ్ళీ ఆడపిల్లల్ని పక్కకి జరిపి మేడని ఉంచుకుంటే ఆ పాత పనే ఇంకో పద్ధతిలో చేసినట్టు.

ఇక మన ఇళ్ళ సంగతికి వద్దాం. అన్ని పాత ఇళ్ళనీ నిలబెట్టమని నేననను. వాటాలు తేలాలి, పిల్లల చదువులకి డబ్బు కావాలి, ఊళ్ళో చూసుకునే మనిషి ఉండాలి. కుదరని చోట కుదరదు, దానికి బాధపడుతూ కూర్చోనక్కర్లేదు. కానీ పడగొట్టే నిర్ణయం ఇంటిల్లిపాదీ కూర్చుని తీసుకునే రోజున మనం మూడు ప్రశ్నలు అడుగుదాం. నిజంగా గోడలు పాడయ్యాయా, లేక నీళ్ళు వెళ్ళే దారి మూసుకుపోయిందా? ఈ ఇంటికి ఏదైనా కొత్త పని అప్పజెప్పగలమా, ట్యూషను గదిగానో, కుట్టు కేంద్రంగానో, ఊరి పిల్లల గ్రంథాలయంగానో, కనీసం అద్దెకి ఇచ్చే రెండు వాటాలుగానో? కాపాడితే ఏ గదులు కాపాడతాం, మగవాళ్ళు కూర్చున్న వీధి అరుగు ఒక్కటేనా, అమ్మమ్మ నలభై ఏళ్ళు పొగలో నిలబడ్డ వంటింటిని కూడానా?

పడగొట్టక తప్పదనుకున్నా సరే, ముందు ఒక పూట కేటాయించండి. ఇంట్లో పెద్దామెని గది గదికీ తిప్పి, ఏ మూల ఏం జరిగిందో చెప్పించి, ఫోనులో రికార్డు చేసుకోండి. రంగ్‌మహల్ పడగొట్టినవాళ్ళు ఆ పని చెయ్యలేదు. అందుకే ఖైరున్నిసా ఏ కిటికీ దగ్గర కూర్చునేదో ఇవాళ ఎవరూ చెప్పలేరు.

కోఠీ వెళితే మాత్రం, వీలు చూసుకుని ఆడపిల్లల్ని తీసుకెళ్ళండి. లోపలికి రానిస్తే ఆ మెట్లు ఎక్కించండి. అక్కడ చదువుకున్నవాళ్ళు మీలో ఉంటే, ఆ మేడలో మీ తరగతి ఏ గదిలో జరిగేదో, మెట్ల మీద ఎవరితో కూర్చునేవారో రాసి పంపండి. ఆ మేడ చరిత్రలో రెసిడెంట్ల పేర్లన్నీ వరసగా ఉన్నాయి. మన పేర్లు మనమే రాసుకోవాలి.